పుటకొక వెల

ఫిరదౌసి పేరు తెలుగు పాఠకులకు క్రొత్తది కాదు. గుఱ్ఱం జాషువా మహాకవి 1932లో ప్రకటించిన కావ్యముచేత ఆ పారసీక కవి మనవాడే యైనాడు. పద్యమునకొక బంగారు నాణెము చొప్పున నిత్తునని గజనీ మహమ్మదు మాట యిచ్చుటయు, కావ్యము పూర్తియైన పిమ్మట మాట తప్పి వెండి నాణెములు పంపుటయు, తుదకు పశ్చాత్తాపముతో పంపిన బంగారము ఊరు చేరునప్పటికి కవి శవము ఊరు వెడలుచుండుటయు ఎరుగని చదువరులు అరుదు. చరిత్రకారులు దీనిని జనశ్రుతిగానే యెంచుచున్నారు. జనశ్రుతియే యగుగాక, అందొక హెచ్చరిక యున్నది. సుల్తాను వెండి పంపుట తప్పని అందరును నిందింతురు. పద్యమునకింత యని వెల కట్టుటయే మొదటి తప్పని మా యభిప్రాయము. కావ్యమును ముక్కల లెక్కను కొలుచువానికి ముక్కలే దక్కును.

ఆ తప్పు గజనీతో అంతరింపలేదు. ఫిరదౌసి కావ్యమునకు చిత్రములు వ్రాయించిన గ్రంథములలో మిక్కిలి ఘనమైనదానికి ఇరువదవ శతాబ్దమున పట్టిన గతిని ఈ వ్యాసమున విచారింపదలచితిమి. ఆనాడు వెల పద్యమునకు, ఈనాడు పుటకు. ప్రాచీన వీరగాథల చిత్రగ్రంథములను సేకరించుట గొప్ప అభిరుచియనియు, లోకమునకు గొప్ప సేవయనియు పలువురు మెచ్చుచుందురు. అది యెప్పుడు సేవ యగును, ఎప్పుడు ద్రోహ మగును అను ప్రశ్నకు ఈ యొక్క గ్రంథము చరిత్రమే చాలినంత సమాధానము చెప్పగలదు.

షానామా యనగా రాజుల గ్రంథము. ఫిరదౌసి దానిని క్రీ. శ. 1010 ప్రాంతమున ముగించెను. సుమారు ఏబదివేల ద్విపదలు గల ఆ కావ్యము ఆదిరాజగు గయూమర్తుతో నారంభించి, ఏడవ శతాబ్దమున అరబ్బులు ఇరానును జయించుటతో ముగియును. నడుమ రుస్తుము వంటి వీరులు, జహ్హాకు వంటి క్రూరులు, కన్నకొడుకులను పోగొట్టుకొన్న తండ్రులు, కుట్రలకు బలియైన రాజకుమారులు ఎందరో కలరు. మనకు భారత మెట్టిదో ఇరానువారి కిది యట్టిది. కావుననే ఆ దేశము నేలిన వంశములవారు అనేకులు, పుట్టుకచేత మంగోలులైనను తురుష్కులైనను, ఈ గ్రంథమును అందముగా వ్రాయించి, చిత్రములు వేయించి, ఆ ప్రాచీన రాజుల వరుసలో తామును నిలువ గోరిరి.

అట్లు తయారైన గ్రంథములలో సఫవీ వంశపు రాజగు షా తహమాస్పు పేర నున్నది తలమానికము. 1520 దాటిన పిమ్మట తబ్రీజు నగరమున దాని పని మొదలై, తరువాతి దశాబ్దమున చాలవరకు ముగిసినది. 759 ఆకులు, 258 చిత్రములు. సుల్తాన్ మహమ్మదు, మీర్ ముసవ్విరు, ఆకా మీరకు మొదలగు చిత్రకారులు, వ్రాయసకాండ్రు, బంగారు పూతవారు, కాగితము నునుపు చేయువారు, జిల్దు కట్టువారు కలసి ఏండ్ల తరబడి శ్రమించిరి. 1568లో తహమాస్పు ఈ గ్రంథమును ఒట్టోమాను సుల్తానగు రెండవ సలీమునకు కానుకగా పంపెను. అది ఇస్తాంబులు రాజప్రాసాదమున మూడు వందల యేండ్లు భద్రముగా నుండెను. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో అచ్చటి కొలువువా డొకడు ప్రతి చిత్రమునకును కాపుగా నుంచిన కాగితముపై ఆ ఘట్టపు కథను తురుష్కభాషలో సంగ్రహించి వ్రాసెను. ఈ చిన్న సంగతి మా కెంతో ముఖ్యముగా తోచుచున్నది. పారసీకము రానివానికి గూడ బొమ్మతోపాటు కథ తెలియవలెనని ఆ కొలువువాని తపన. అతని దృష్టిలో బొమ్మ వేరు, కథ వేరు కాదు.

1903 నాటికి ఆ గ్రంథము పారిసునగరమున ఎడ్మండ్ డి రోత్స్‌చైల్డు అను ధనికుని యొద్ద నుండెను. 1959లో అమెరికా దేశస్థుడగు ఆర్థర్ హౌటన్ దానిని కొనెను. ఈ హౌటన్ పుస్తకముల విలువ నెరుగని మూఢుడు కాడు. హార్వర్డు విశ్వవిద్యాలయమున అపురూప గ్రంథముల కొరకు 1942లో తెరచిన భవనము అతని దానమే, నేటికిని అతని పేరనే యున్నది. అట్టివాని చేతిలోనే ఈ గ్రంథము కుట్లు విప్పబడి ఆకు లాకులైనది. 1970లో 78 చిత్రములను న్యూయార్కు నందలి మెట్రోపాలిటన్ మ్యూజియమునకు దాన మిచ్చెను. 1976లో ఏడు ఆకులు లండను వేలమున అమ్ముడుపోయెను. అటుపై మరికొన్ని, మరికొన్ని. 1990లో హౌటన్ మరణించెను. మిగిలిన 118 చిత్రములు, వ్రాత యాకులు, అట్ట 1994లో ఇరానునకు చేరినవి. అదియును ఊరక కాదు. డి కూనింగ్ అను అమెరికా చిత్రకారుడు వ్రాసిన స్త్రీచిత్ర మొకటి టెహరాను మ్యూజియమున నుండెను. 1979 విప్లవము తరువాత దానిని ప్రదర్శించుటకు వీలు లేకపోయెను. వియన్నా విమానాశ్రయమున ఆ చిత్రము అటు, ఈ ఆకులు ఇటు మారినవి. లెక్క చూచినచో ఇంకను 62 చిత్రములు మిగులును. అవి పలు దేశముల మ్యూజియములలోను, ధనికుల యిండ్లలోను ఉన్నవి. 2011లో వానిలో నొక్క యాకు లండను వేలమున 74 లక్షల పౌండ్లకు పైగా పలికినది. 2022లో మరొకటి 80 లక్షలు దాటినది.

ఈ మొత్తములను చూచి, ఆ గ్రంథమునకు తగిన గౌరవము ఇప్పటికి లభించినదని కొందరు సంతసింతురు. మేము సంతసింపలేకున్నాము. ఏల యనగా అమ్ముడుపోయినది ఆ గ్రంథము కాదు. గ్రంథము పోయిన తరువాత మిగిలిన యాకు.

ఈ మాటను నిదర్శనముతో నిరూపించుట మా విధి. ఆ గ్రంథమున ఇరువదవ యాకుపై గయూమర్తు కొలువు చిత్రింపబడినది. ఇది సుల్తాన్ మహమ్మదు పని. పారసీక చిత్రకళ యంతటిలో దీనికి సమమైనది లేదని పలువురు పండితుల మాట. కొండకొమ్మున ఆదిరాజు కూర్చుండి యున్నాడు. ఇంకను నేత నేర్వని కాలము గనుక రాజును పరివారమును చిరుతపులి తోళ్ళు ధరించియున్నారు. మృగములు వైరము మరచి వారి నడుమ మెలగుచున్నవి. బండల మడతలను పరికించినచో మనుష్యుల ముఖములు, జంతువుల ముఖములు లెక్కకు మిక్కిలిగా పొడసూపును. ఒకవైపున కొడుకు సియామకు కూర్చుండెను. మరియొకవైపున మనుమడు హూషంగు నిలుచుండెను. ఇంత చక్కని లోకమున రాజు ముఖము మాత్రము వాడి, చూపు కొడుకువైపు వ్రాలి యున్నది. ఎందుకు?

ఆ ప్రశ్నకు సమాధానము చిత్రమున లేదు, కథలో నున్నది. సియామకు నల్లరక్కసుని చేతిలో మరణింపనున్నాడు. తండ్రి ఏడాది పాటు శోకింపనున్నాడు. పిమ్మట మనుమడు హూషంగు ఆ రక్కసుని చంపి పగ తీర్చుకొని రాజగును. ఇరువదిరెండవ యాకుపై ఆ హూషంగే కనబడును. పామును కొట్టబోయి విసరిన రాయి మరియొక రాతికి తగిలి నిప్పురవ్వ పుట్టుటచే అగ్నిని కనుగొనినవాడై, ఆ రాత్రి ప్రజలతో పండుగ చేసికొనుచున్నాడు. మొదటి చిత్రమున తాత ప్రక్కన నిలిచిన బాలుడే రెండవ చిత్రమున రాజు. నడుమ నొక్క యాకు. ఆ యాకు త్రిప్పునంతలో ఒక తరము గతించుట, ఒక శోకము ఆరుట, మానవజాతికి నిప్పు లభించుట జరిగిపోవును. పుస్తకమును చేత బట్టి చదువువానికి మాత్రమే ఆ యనుభవము కలుగును. నేడు ఇరువదవ యాకు కెనడా దేశమున టొరంటోలోని ఆగాఖాన్ మ్యూజియమున నున్నది. ఇరువదిరెండవ యాకు న్యూయార్కున నున్నది. ఒక్క పుట త్రిప్పి చేరవలసిన చోటికి ఇప్పుడు దేశపు సరిహద్దు దాటి పోవలెను.

చిత్రము ఏ ఘట్టమునకు వ్రాయబడినదో ఆ ఘట్టము నుండి తొలగించినచో రంగులు మిగులును, రేఖలు మిగులును, రసము చెడును. రుస్తుము సొహ్రాబుల కథను తలచుకొనుడు. తండ్రికొడుకులు ఒకరినొకరు ఎరుగక పోరాడుదురు. కొడుకును పొడిచిన పిమ్మట, తాను పూర్వము భార్య కిచ్చిన రత్నము వాని చేతికి కట్టియుండుట చూచి రుస్తుము కూలబడును. ఆ రత్నమును తహమీనా చేతిలో పెట్టిన ఘట్టము చదివి, ఆకులు త్రిప్పుకొనుచు వచ్చినవానికి ఆ చిత్రము గుండె కోత. గోడమీద ఒంటరిగా చూచినవానికి అది గాయపడిన యువకుడు, ఏడ్చుచున్న గడ్డపువాడు, చక్కని కవచములు, అంతే. ఆకు వెనుకవైపున వ్రాసిన పద్యములు చట్రములో గోడవైపు తిరిగి చీకటిలో పడును. చట్రము కట్టించిన సంగ్రాహకుడు కవిని గోడవైపు త్రిప్పి నిలువబెట్టినవా డగుచున్నాడు.

ఇది ఒక్క హౌటన్ చేసిన పని యని తలపరాదు. అంతకుమునుపు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో డిమాట్ అను పారిసు వర్తకుడు మరియొక షానామాను చేత బట్టెను. అది పదునాల్గవ శతాబ్దమున మంగోలు ప్రభువుల కాలమున తబ్రీజులో తయారైనది. దానిని విడదీసి అమ్ముటతో అతడు తృప్తిపడలేదు. ఒకే యాకునకు రెండువైపుల చిత్రములున్నచో కాగితమును పొరలుగా చీల్చి రెండు చేసెను. చీల్చినవానిని సంబంధము లేని వ్రాత యాకులకు అతికించెను. ఒక ఘట్టపు చిత్రము మరియొక ఘట్టపు పద్యముల నడుమ కూర్చుండెను. పండితులు నేటికిని ఆ అతుకులను విప్పి అసలు వరుసను ఊహింప యత్నించుచున్నారు. అంతకుమించి విచిత్ర మేమనగా, ఆ గ్రంథము చిరకాలము ఆ వర్తకుని పేరనే పిలువబడినది. పాడుచేసినవానికి పేరు దక్కినది, వ్రాసినవారికి దక్కలేదు.

ఇక మా వాదమునకు ఎదురు చెప్పువారి మాటను గూడ వినవలెను. వారి మాటలలో బలము లేకపోలేదు. సంగ్రాహకులే లేకున్నచో ఈ గ్రంథములు చెదలకును వానకును ఆహారమై యుండెడివని వారందురు. దీనికి మన దేశముననే సాక్ష్య మున్నది. తహమాస్పు గ్రంథమున పనిచేసెనని పండితులు భావించు మీర్ సయ్యదలీ పిమ్మట హుమాయూను కొలువున చేరి హిందూదేశమునకు వచ్చెను. అక్బరు కాలమున అమీర్ హమ్జా వీరగాథలకు చిత్రములు వ్రాయుపనికి అతడే తొలుత పెద్దయై నడిపెను. 1562 ప్రాంతమున మొదలై సుమారు పదునైదేండ్లు సాగిన ఆ పనిలో 1400 చిత్రములు వ్రాయబడినవని చెప్పుదురు. నేడు మిగిలినవి రెండు వందలకు మించవు. 1881లో కాస్పర్ పర్డన్ క్లార్కు అను ఆంగ్లేయుడు శ్రీనగరమునకు పోగా, అక్బరు పాదుషా కన్నులార చూచిన ఆ చిత్రములలో కొన్ని కిటికీలకు చలిగాలి రాకుండ అడ్డముగా పెట్టబడి యుండెను. అతడు వానిని కొని లండను చేర్చెను. అవి నేటికిని అచ్చటి విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున నున్నవి. ఇచ్చట సంగ్రాహకుడు రక్షకుడే. మనవారు కిటికీకి కప్పినదానిని అతడు కాపాడె నన్న సంగతిని ఒప్పుకొనుటకు మనకు సిగ్గు కలుగవచ్చును గాని, ఒప్పుకొనక తీరదు.

ఐనను ఈ రెండు కథలకు భేదము స్పష్టము. శ్రీనగరమున చెదరిపోయినదానిని ఒకడు ఏరి కూర్చెను. న్యూయార్కున కూడియున్నదానిని ఒకడు చెదరగొట్టెను. ఇరువురును సంగ్రాహకులే యన్న బిరుదుచేత ఇరువురి పనియు నొకటి కానేరదు. తనచేతికి వచ్చినప్పటికంటె తనచేతి నుండి పోవునప్పుడు ఆ వస్తువు మరింత సమగ్రముగా నున్నదా, లేక తరిగినదా? సంగ్రాహకుని పరీక్షించుటకు ఇంతకు మించిన గీటురాయి లేదు.

మరియొక వాదము కలదు. పుస్తకముగా కట్టియున్నప్పుడు రాజొక్కడే చూచెను, విడదీసి మ్యూజియములలో పెట్టుటచే వేలమంది చూచుచున్నారు గదా యని. ప్రజలకు విద్య పంచవలెనని కోరు మేము ఈ మాటను త్రోసిపుచ్చలేము. కాని అందరకు చూపుటకు పుస్తకమును కోయనక్కరలేదు. 2011లో మెట్రోపాలిటన్ మ్యూజియమువారే 258 చిత్రములను వరుసగా కూర్చి అచ్చు వేసిరి. కేంబ్రిడ్జిలో 1999లో ఆరంభమైన షానామా పరిశోధనోద్యమము లోకమున చెదరియున్న చిత్రములను ఛాయారూపమున ఒక్కచోట జేర్చుచున్నది. గ్రంథము కుట్లతో నున్నప్పుడే ఛాయలు తీసి, ఆ ఛాయలనే ఊరూర పంచి యుండవచ్చును. మొదట చెదరగొట్టి, పిమ్మట ఛాయలతో అతుకుట యేమి న్యాయము? పైగా ప్రజలు చూచుచున్నారన్న మాట మ్యూజియముల యందలి ఆకులకే చెల్లును. లక్షల పౌండ్లు పోసి కొన్న ధనికుని గదిలోని యాకును ఏ ప్రజలు చూచుచున్నారు?

ఈ చర్చ దూరదేశముల ధనికులకే సంబంధించినదని మన పాఠకులు తలపవచ్చును. మన వీరగాథలు చాలవరకు తాటాకులలోను, గాయకుల నోళ్ళలోను నిలిచినవి. రంగుల గ్రంథములు మనకు కొద్ది. కాని చేర్యాల నకాషీ పటములను చూచినవారికి మా మాట సులభముగా బోధపడును. తెలంగాణమున కథ చెప్పువారు ఆ పటమును కొంచెము కొంచెముగా విప్పుచు, ఘట్టము వెంట ఘట్టమును చూపుచు, కులపురాణమును రాత్రులంతయు గానము చేయుదురు. పాట ముందు పోవును, పటము వెంట వచ్చును. అట్టి పాతపటము నుండి నచ్చిన బొమ్మ నొకదానిని కత్తిరించి చావడిలో తగిలించుకొన్నవాడు పటమును సేకరించినవా డగునా?

సంగ్రహము చెదరకుండ నిలిచిన నిదర్శనము మన హైదరాబాదుననే కలదు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీ ఖాను బ్రహ్మచారి. అతడు 1949లో గతించెను. అతని సంగ్రహము 1951లో ప్రజలకు మ్యూజియముగా తెరువబడినది. 1961లో పార్లమెంటు శాసనముచే జాతీయ ప్రాముఖ్యము గల సంస్థయైనది. అందలి అరబ్బీ, పారసీక, ఉర్దూ వ్రాతప్రతులు నేటికిని పండితుల కందుబాటులో నున్నవి. వేలము పాటలో పుటకొక వెలగా పోయినచో అవి ఎన్ని ద్వీపాంతరములకు చేరి యుండెడివో!

ఇక మన యిండ్ల మాట. ప్రతి యింటను ఏదో యొక పాత బొమ్మల పుస్తకము, తాతగారి నాటి భారతమో రామాయణమో, అట్ట చినిగి అటకపై నుండును. బొమ్మ బాగున్నదని కత్తిరించి అద్దము కట్టించుటయు, మిగిలినది పాతకాగితముల వానికి వేయుటయు మనలో తప్పుగా తోచదు. వాటాలు పంచుకొనునప్పుడు అన్నకు ఆదిపర్వము, తమ్మునికి విరాటపర్వము ఇచ్చినచో ఇరువురికిని భారతము లేకుండ పోవునని ఆలోచింపము. లక్షల పౌండ్ల హౌటన్‌కును, కత్తెర పట్టిన మనకును భేదము సొమ్ములోనే గాని స్వభావములో కాదు.

కావున సేకరింప నిచ్చగించు చదువరులకు మా మనవి యిది. విడి ఆకును అమ్మజూపినప్పుడు, దీని తక్కిన పుస్తక మేమైనదని మొదట అడుగుడు. ఎవరి చేతులు మారి వచ్చినదో చెప్పలేనివానియొద్ద కొనకుడు. కొనువారున్నంత కాలమే కోయువారును ఉందురు. ఇదివరకే చెదరిన యాకు చేత పడినచో దాని వెనుకవైపు వ్రాతను గూడ చదివించి, ఏ కథలో ఏ ఘట్టమో వ్రాసి, ఛాయ తీయించి, తోడి యాకులున్న గ్రంథాలయమునకు తెలుపుడు. ఇంట పూర్తి పుస్తకమున్నచో తమ తరువాత అది ఎచ్చటికి పోవలెనో బ్రతికియుండగనే వ్రాసి యుంచుడు. పిల్లలకు బొమ్మ చూపునపుడు కథ చెప్పుడు, కథ చెప్పి పుట త్రిప్పుడు. ఇస్తాంబులు కొలువువాడు కాపుకాగితముపై చేసిన పని యిదియే. దానికి ధనము అక్కరలేదు.

గజనీ సుల్తాను బంగారము ఆలస్యముగా వచ్చినదని మనము శోకించుచున్నాము. ఈనాడు ఒక్క యాకునకు వచ్చు బంగారమును చూచినచో ఫిరదౌసి ఏమనునో మేము చెప్పజాలము. కాని తన ఏబదివేల ద్విపదలు ఎక్కడ నున్నవని అతడు తప్పక అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనగలిగిన నాడే సేకరణము రసజ్ఞత యనిపించుకొనును.